బ్లెండ్ ఫిల్మ్‌లో కనిపించే కరెంట్ పీక్ ఎవరిది?

పీవీడీఎఫ్ (పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్), పీఎంఎంఏ (పాలీమిథైల్ మెథాక్రిలేట్) అనే రెండు పాలిమర్లను 60:40 పాళ్లలో కలిపి, అంటే బ్లెండ్ చేసి, పోసిన 30 మైక్రాన్ల ఫిల్మ్‌కు వేడి మీద కాసేపు వోల్టేజీ పెట్టి, వోల్టేజీ అలాగే ఉండగానే చల్లార్చారనుకోండి. ఇప్పుడు వోల్టేజీ తీసేసి, రెండు ఎలక్ట్రోడ్లనూ ఎలక్ట్రోమీటర్‌కు కలిపి, నెమ్మదిగా మళ్లీ వేడి చేస్తే పికోఆంపియర్లలో కరెంట్ బయటికొస్తుంది. ఉష్ణోగ్రతకు ఎదురుగా ఆ కరెంట్‌ను గీస్తే రెండో మూడో పీక్‌లు కనిపిస్తాయి. ఈ పద్ధతే థర్మల్లీ స్టిమ్యులేటెడ్ డీపోలరైజేషన్ కరెంట్, పొట్టిగా టీఎస్‌డీసీ. గ్రాఫ్ చేతికి రాగానే ఈ పీక్ పీఎంఎంఏది, ఆ పీక్ పీవీడీఎఫ్‌ది అని పేర్లు రాసేయాలనిపిస్తుంది. తప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. బ్లెండ్‌లో ఒక్కో పీక్‌కూ నలుగురు హక్కుదారులుంటారు: తిరిగిన డైపోళ్లు (ఒక కొస పాజిటివ్‌గా, ఇంకో కొస నెగటివ్‌గా ఉండే అణు భాగాలు), ఎలక్ట్రోడ్ నుంచి లోపలికి దూరి చిక్కుకున్న చార్జ్, రెండు ఫేజ్‌ల (వేర్వేరు గుణాలున్న భాగాల) సరిహద్దులో పోగైన చార్జ్, ఫిల్మ్‌లో మిగిలిపోయిన ద్రావకం. ఉష్ణోగ్రతను చూసి మాత్రమే వీళ్లలో ఎవరిదో తేల్చలేం. ఫీల్డ్ (వోల్టేజీని మందంతో భాగిస్తే వచ్చేది), మందం, ఎలక్ట్రోడ్, వోల్టేజీ పెట్టే ఉష్ణోగ్రత, పాళ్లు మార్చి చూస్తే తేల్చవచ్చు.

చార్జ్ నిలిచిపోయే దారులు

ఎలక్ట్రాన్ మేఘం జరగడం, పరమాణువులు కాస్త కదలడం లాంటివి సెకనులో లక్ష కోట్ల వంతులోపే ముగిసిపోతాయి. ఫీల్డ్ తీసేయగానే అవీ పోతాయి కాబట్టి ఇక్కడ వాటితో పనిలేదు. గంటలు, సంవత్సరాలు నిలిచేవి డైపోల్ దిశ మారడం, స్పేస్ చార్జ్ (ఫిల్మ్ లోపల చిక్కుకున్న చార్జ్), సరిహద్దు చార్జ్. ఇలా చార్జ్‌ను పట్టి ఉంచే పదార్థానికి ఎలక్ట్రెట్ అని 1885లో ఆలివర్ హెవిసైడ్ పేరు పెట్టాడు. మొతొతారో ఎగుచి 1919లో మైనం, రెసిన్ మిశ్రమాలతో దాన్ని నిజంగా తయారుచేశాడు. అంటే మొదటి ఎలక్ట్రెట్ కూడా ఒక బ్లెండే.

ముందు డైపోళ్ల వాటా ఎంత ఉండగలదో లెక్కేద్దాం. పీవీడీఎఫ్ గొలుసులో మళ్లీ మళ్లీ వచ్చే యూనిట్ ఒక్కోదానికి సుమారు 2.1 డిబైల డైపోల్ మొమెంట్ (డైపోల్ బలం; డిబై దాని కొలమానం) ఉంటుంది. 30 మైక్రాన్ల ఫిల్మ్ మీద 150 వోల్టులు పెడితే ఫీల్డ్ సెంటీమీటరుకు 50 కిలోవోల్టులు. ఆ ఫీల్డ్ డైపోల్‌ను తిప్పాలని చూసే శక్తిని 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉష్ణ కదలికల శక్తితో పోలిస్తే, నికరంగా ఫీల్డ్ వైపు మొగ్గేది 0.2 శాతమే. మిగతా డైపోళ్లు అటూ ఇటూ చూస్తూనే ఉంటాయి. టీఎస్‌డీసీలో పట్టుకునేది ఈ చిన్న మొగ్గునే.

ఇంకో సంగతి. పీవీడీఎఫ్ బీటా స్ఫటికాల్లో (ఆల్ఫా, బీటా, గామా దాని స్ఫటిక రూపాలు) ఫెర్రోఎలక్ట్రిక్ దిశ, అంటే ఫీల్డ్ తీసేసినా నిలిచే పోలరైజేషన్ దిశ, తిరగాలంటే గది ఉష్ణోగ్రతలో సెంటీమీటరుకు సుమారు 500 కిలోవోల్టులు కావాలి. మనం పెట్టింది అందులో పదో వంతు. వేడిలో ఆ అవసరం తగ్గుతుంది కానీ ఇంతలా తగ్గదు. అందువల్ల 50 కిలోవోల్టుల ఫీల్డ్‌తో పోల్ చేసి (వేడి మీద వోల్టేజీ పెట్టి), వచ్చిన పీక్‌ను ఫెర్రోఎలక్ట్రిక్ పోలరైజేషన్ అని రాస్తే అది నిలబడదు. కనిపించేది చాలావరకు అమార్ఫస్ (స్ఫటికం కాని) భాగంలోని డైపోళ్లు, స్ఫటికాల్లోని లోపాలు, చిక్కుకున్న చార్జ్.

సరిహద్దు చార్జ్ సంగతి వివరంగా చూడాలి. రెండు ఫేజ్‌ల పర్మిటివిటీ (ఫీల్డ్‌కు పోలరైజ్ అయ్యే గుణం), కండక్టివిటీల (కరెంట్‌ను పోనిచ్చే గుణం) నిష్పత్తి ఒకటే కాకపోతే, వోల్టేజీ కింద వాటి మధ్య హద్దులో చార్జ్ పోగవ్వాల్సిందే. దీన్నే మాక్స్‌వెల్–వాగ్నర్–సిల్లార్స్ పోలరైజేషన్ అంటారు. సమాన మందం ఉన్న రెండు పొరలే అనుకుంటే, టైమ్ కాన్‌స్టంట్ (చార్జ్ పోగవడానికి పట్టే కాలం) రెండు పర్మిటివిటీల మొత్తాన్ని రెండు కండక్టివిటీల మొత్తంతో భాగిస్తే వస్తుంది. ఒక పొరకు సాపేక్ష పర్మిటివిటీ 10, కండక్టివిటీ మీటరుకు 10⁻¹² సీమెన్స్. రెండోదానికి 3, 10⁻¹⁵ అనుకుందాం. 13ను 8.85×10⁻¹²తో గుణించి 10⁻¹²తో భాగిస్తే సుమారు 115 సెకన్లు. ఫ్రీక్వెన్సీగా చెబితే 0.0014 హెర్ట్జ్. 20 హెర్ట్జ్ దగ్గర మొదలయ్యే మామూలు ఎల్‌సీఆర్ మీటర్ (కెపాసిటెన్స్ కొలిచే పరికరం) దీన్ని చూడనే చూడదు. డైఎలక్ట్రిక్ గ్రాఫ్‌లో లేని పీక్ టీఎస్‌డీసీలో ఎక్కడి నుంచి వచ్చిందని ఆశ్చర్యపోయేవారికి జవాబు ఇదే. టీఎస్‌డీసీ పనిచేసే చోటు మిల్లీహెర్ట్జ్, అంతకంటే కింద.

ఫేజ్‌లు విడిపోవాలంటే రెండు పాలిమర్లూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఉండాలనేం లేదు. పీవీడీఎఫ్ ఒక్కటే ఉన్నా అందులో స్ఫటికం, అమార్ఫస్ అనే రెండు ఫేజ్‌లుంటాయి. వాటి హద్దు కూడా చార్జ్‌ను పట్టుకుంటుంది.

కలిసిందా, విడిపోయిందా

పీవీడీఎఫ్, పీఎంఎంఏ కరిగిన స్థితిలో బాగా కలిసిపోతాయి. పీఎంఎంఏ కార్బొనిల్‌కూ, ఫ్లోరిన్ పక్కనుండటం వల్ల కొంచెం పాజిటివ్ అయిన సీహెచ్2 హైడ్రోజన్‌కూ మధ్య ఆకర్షణే దానికి ప్రధాన కారణం. పాలీస్టైరీన్, పీఎంఎంఏ అలా కాదు, విడిపోతాయి. విడిపోయిన బ్లెండ్‌లో రెండు గ్లాస్ ట్రాన్సిషన్లు (గాజులా బిగుసుకున్న పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రతలు, పొట్టిగా టీజీ) దాదాపు తమ తమ పాత చోట్లలోనే ఉంటాయి, వాటికి తోడు హద్దు పీక్ వస్తుంది. కలిసిన బ్లెండ్‌లో రెండింటి మధ్యలో ఒకటే గ్లాస్ ట్రాన్సిషన్ ఉంటుంది. అది ఎక్కడుంటుందో ఫాక్స్ సమీకరణం చెబుతుంది: ఒక్కో పాలిమర్ బరువు వాటాను దాని కెల్విన్ టీజీతో భాగించి కలిపితే, బ్లెండ్ టీజీకి తలకిందులు సంఖ్య వస్తుంది.

పీవీడీఎఫ్ టీజీ మైనస్ 38 డిగ్రీలు, పీఎంఎంఏది 105 డిగ్రీలు అని తీసుకుంటే 60:40కి 4 డిగ్రీలు వస్తుంది. కానీ పీవీడీఎఫ్‌లో సగం స్ఫటికంగా మారిపోతే, అమార్ఫస్ భాగంలో మిగిలేది 30 పాళ్ల పీవీడీఎఫ్, 40 పాళ్ల పీఎంఎంఏ. మళ్లీ లెక్కేస్తే టీజీ 27 డిగ్రీలు. అదే సీసా, అదే తూకం, పీక్ మాత్రం 23 డిగ్రీలు పక్కకు జరిగింది. ఒకరి 60:40 ఫిల్మ్ ఫలితం ఇంకొకరిదానితో సరిపోకపోతే, పాళ్ల కంటే ముందు స్ఫటికత్వం ఎంతో అడగాలి.

ఆ స్ఫటికత్వాన్ని డీఎస్‌సీతో (వేడి చేస్తూ నమూనా పీల్చుకునే ఉష్ణాన్ని కొలిచే పద్ధతి) కొలవండి. పూర్తిగా స్ఫటికమైన పీవీడీఎఫ్ కరగడానికి గ్రాముకు 104.5 జౌళ్లు కావాలని సాధారణంగా తీసుకుంటారు. 60:40 ఫిల్మ్‌కు గ్రాముకు 31 జౌళ్లు వచ్చాయనుకోండి, ముందు 0.6తో, తర్వాత 104.5తో భాగిస్తే 49 శాతం. ఆ 0.6ను మరిచిపోతే 30 శాతం అని వస్తుంది, అది పీవీడీఎఫ్ స్ఫటికత్వం కాదు. ఇక్కడ మొదటిసారి వేడిచేసినప్పటి గ్రాఫ్‌నే వాడాలి. రెండోసారి వేడి చేసేటప్పటికి ఫిల్మ్ ఒకసారి కరిగి, పోత పోసినప్పటి చరిత్రంతా చెరిగిపోయి ఉంటుంది. పాలిమర్ గురించి తెలుసుకోవడానికి రెండో గ్రాఫ్ మంచిదే కానీ, ఎలక్ట్రోడ్ల మధ్య కూర్చున్నది మొదటి గ్రాఫ్‌లో ఉన్న ఫిల్మ్.

పీఎంఎంఏ పాలు సగం దాటితే, కరిగించి చల్లార్చిన బ్లెండ్‌లో పీవీడీఎఫ్ స్ఫటికాలు దాదాపు ఏర్పడవు. ఏర్పడినచోట ఆల్ఫానా, బీటానా అన్నది ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటం) చెబుతుంది. గీతలు, సెం.మీ.⁻¹లలో: ఆల్ఫాకు 763, 795, 975 దగ్గర, బీటాకు 840, 1275 దగ్గర. గామా కూడా 840కి చాలా దగ్గర్లోనే కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్క గీతను చూసి బీటా అని తేల్చకండి. 1275 కూడా ఉందో లేదో, గామాది అయిన 1234 ఉందో లేదో చూడండి. విడిపోయే జంటలకైతే సెమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూడాలి. పాలీస్టైరీన్, పీఎంఎంఏ ఫిల్మ్‌ను ద్రవ నైట్రోజన్‌లో విరిచి, గోరువెచ్చటి సైక్లోహెక్సేన్‌లో ఉంచితే పాలీస్టైరీన్ ఒక్కటే కరిగిపోయి, దాని చుక్కలున్న చోట్లు గుంటలుగా కనిపిస్తాయి.

ఫిల్మ్ పోయడం

డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే ద్రావకంలో 5 శాతం ద్రావణం సౌకర్యంగా ఉంటుంది: 40 మిల్లీలీటర్లకు 1.2 గ్రాముల పీవీడీఎఫ్, 0.8 గ్రాముల పీఎంఎంఏ. ముందు పీవీడీఎఫ్‌ను 60 డిగ్రీల దగ్గర కలియబెడుతూ పూర్తిగా కరగనిచ్చి, ఆ తర్వాత పీఎంఎంఏ వేయండి. రెండూ ఒకేసారి వేస్తే, పైన జెల్‌లా అయిన పీవీడీఎఫ్ గడ్డలు కంటికి ఆనవు, ఫిల్మ్‌లో మాత్రం చేపకళ్లలా బయటపడతాయి. ఎంత పోయాలో అంచనా మీద వదలకండి. పీవీడీఎఫ్ సాంద్రత 1.78, పీఎంఎంఏది 1.18. ఆ లెక్కన 10 సెంటీమీటర్ల చదరపు గాజు మీద 30 మైక్రాన్లు రావాలంటే 0.44 గ్రాముల పాలిమర్, అంటే 9 మిల్లీలీటర్లకు కొంచెం తక్కువ ద్రావణం. గాజును స్పిరిట్ లెవెల్‌తో సరిచూసుకోవాలి; ఓవెన్ అరలు ఎప్పుడూ సమంగా ఉండవు.

ఆరబెట్టే ఉష్ణోగ్రతే సగం ఫలితాన్ని నిర్ణయిస్తుంది. 70 డిగ్రీల లోపు నెమ్మదిగా ఆరితే బీటా ఫేజ్ ఎక్కువగా వస్తుంది, కానీ ఫిల్మ్‌లో రంధ్రాలు కూడా వస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే నీరు లోపలికి లాగబడి, పాలిమర్ ఆరకముందే విడిపోయి, ఫిల్మ్ తెల్లగా పాలరంగులోకి మారుతుంది. అలాంటి ఫిల్మ్‌ను బ్రేక్‌డౌన్ పరీక్షకు గానీ, పర్మిటివిటీ కొలతకు గానీ పెట్టడం వృథా. మధ్యేమార్గంగా కొందరు కాస్త ఎక్కువ ఉష్ణోగ్రతలో ఆరబెట్టి, తర్వాత సాగదీసి బీటా తెప్పిస్తారు. పీఎంఎంఏ పాలు పెరిగేకొద్దీ ఫిల్మ్ పెళుసు అవుతుంది కాబట్టి అది అన్ని పాళ్లకూ కుదరదు.

ద్రావకం మిగిలిపోవడమే అన్నిటికన్నా మోసం చేసేది. డీఎంఎఫ్ 153 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పైగా పోలార్ పాలిమర్‌ను గట్టిగా పట్టుకుంటుంది. దాని డైపోల్ మొమెంట్ 3.8 డిబైలు, పాలిమర్ యూనిట్ల కంటే ఎక్కువ. ఒకటి రెండు శాతం మిగిలినా టీజీని కిందికి లాగుతుంది, కండక్టివిటీని పెంచుతుంది, తన పీక్ తానే చూపిస్తుంది. వాక్యూమ్ ఓవెన్‌లో 60–70 డిగ్రీల దగ్గర కనీసం ఒక రోజు ఉంచి, ఎఫ్‌టీఐఆర్‌లో 1660–1670 దగ్గర ఉండే అమైడ్ కార్బొనిల్ గీత పోయిందో లేదో చూడండి. పీఎంఎంఏ కార్బొనిల్ 1730 దగ్గర ఉంటుంది కాబట్టి రెండూ కలగలిసిపోవు. చేతికి పొడిగా తగిలింది కదా అన్నది పరీక్ష కిందకు రాదు.

ఎలక్ట్రోడ్లు

రెండు వైపులా వాక్యూమ్‌లో ఆవిరిచేసి పూసిన అల్యూమినియం, సుమారు 100 నానోమీటర్లు, 2 సెంటీమీటర్ల వ్యాసం. ఫిల్మ్ అంచు నుంచి కనీసం 5 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి, లేకపోతే అంచు మీదుగా స్పార్క్ పోతుంది. సిల్వర్ పేస్ట్ సులువే కానీ దాంట్లోని ద్రావకం పీఎంఎంఏను కరిగిస్తుంది.

అల్యూమినియం రేకును నొక్కి పెడితే ఏమవుతుందో చూడండి. పర్మిటివిటీ 8, మందం 30 మైక్రాన్లున్న ఫిల్మ్ మీద కేవలం 1 మైక్రాన్ గాలి ఖాళీ ఉందనుకోండి. కొలిచిన కెపాసిటెన్స్ 21 శాతం పడిపోతుంది, పర్మిటివిటీ 8కి బదులు 6.3 అని వస్తుంది. అంతకంటే చెడ్డది, 150 వోల్టుల దగ్గర ఆ ఖాళీలో ఫీల్డ్ మనం అనుకున్నదానికి ఆరు రెట్లకు పైగా పెరిగి, మీటరుకు 3 కోట్ల వోల్టులు దాటుతుంది. పీఎంఎంఏ కలపగానే పర్మిటివిటీ ఊహించినదానికంటే ఎక్కువగా తగ్గిందని చెప్పే ఫలితాల్ని నమ్మేముందు ఎలక్ట్రోడ్ ఎలా పెట్టారో అడగడం మంచిది. పెళుసు ఫిల్మ్ రేకుకు సరిగ్గా అంటుకోదు.

కొలత, లెక్క

90 డిగ్రీల దగ్గర 150 వోల్టులతో 45 నిమిషాలు. వోల్టేజీ ఉండగానే టీజీ కంటే బాగా కిందికి, వీలైతే మైనస్ 60 దాకా చల్లార్చాలి. గది ఉష్ణోగ్రత దగ్గరే ఆపేస్తే, టీజీ 4 డిగ్రీలున్న ఫిల్మ్‌లో డైపోళ్లు గడ్డకట్టవు, వోల్టేజీ తీయగానే వెనక్కి తిరిగిపోతాయి. ఆ పీక్ మీకు కనపడదు, పైనున్న చార్జ్ పీకే కనపడుతుంది. తర్వాత ఎలక్ట్రోడ్లను 10 నిమిషాలు షార్ట్ చేసి ఉపరితలం మీది విడి చార్జ్‌ను వదిలించి, నిమిషానికి 3 డిగ్రీల చొప్పున వేడి చేయాలి. ఫిల్మ్‌ను పెట్టే చాంబర్ పొడిగా ఉండాలి: వాక్యూమ్ లేదా పొడి నైట్రోజన్. తేమ ఉంటే ఫిల్మ్ పక్కల నుంచే కరెంట్ పోతుంది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది, దాన్నే ఎక్కువగా ఎగ్గొడతారు: పోల్ చేయని కొత్త ఫిల్మ్‌ను అదే విధంగా వేడి చేసి చూడటం. పోత పోసేటప్పుడు, గాజు మీద నుంచి ఊడదీసేటప్పుడు చిక్కుకున్న చార్జ్ అక్కడ బయటపడుతుంది. అప్పుడే పెద్ద కరెంట్ వస్తే పోల్ చేసిన ఫిల్మ్ గ్రాఫ్‌కు అర్థం చెప్పడం కష్టం.

ఎంత కరెంట్ రావాలో ముందే అంచనా వేసుకోండి. డైపోళ్ల వల్ల పర్మిటివిటీ 3 పెరుగుతుందనుకుంటే, ఆ ఫీల్డ్‌లో పోలరైజేషన్ చదరపు సెంటీమీటరుకు 13 నానోకూలుంబ్‌లు. 2 సెంటీమీటర్ల ఎలక్ట్రోడ్ మీద మొత్తం 42. ఇది 30 డిగ్రీల వెడల్పున్న పీక్‌గా 600 సెకన్లలో బయటికొస్తే సగటు కరెంట్ 70 పికోఆంపియర్లు. మీ ఎలక్ట్రోమీటర్ 10 నానోఆంపియర్లు చూపిస్తుంటే అది నూరు రెట్లకు పైన. ఆ పీక్‌ను డైపోళ్లకు ఇవ్వడానికి వీల్లేదు.

హక్కుదారును తేల్చే పరీక్షలు

ఫీల్డ్‌ను రెట్టింపు చేయండి. డైపోల్ పీక్ అయితే చార్జ్ కూడా రెట్టింపవుతుంది, పీక్ ఉష్ణోగ్రత కదలదు. చార్జ్ వేరే నిష్పత్తిలో పెరిగినా, పీక్ జరిగినా ఇంజెక్ట్ అయిన చార్జ్‌ను అనుమానించాలి. తర్వాత పోలింగ్ ఉష్ణోగ్రత మార్చండి: స్పేస్ చార్జ్ పీక్ సాధారణంగా దానితోపాటే పైకి వెళ్తుంది. మూడోది, ఒకే ఫీల్డ్‌తో 20, 40 మైక్రాన్ల ఫిల్మ్‌లను పోల్చడం. వోల్టేజీ ఒకటిగా ఉంచి పోల్చడం పనికిరాదు. డైపోళ్లదైతే చదరపు సెంటీమీటరుకు చార్జ్ మారదు. ఇంకా అనుమానం ఉంటే అల్యూమినియం బదులు బంగారం పూయండి. ఎలక్ట్రోడ్ లోహాన్ని బట్టి మారేది డైపోల్ కాదు.

ఎలక్ట్రోడ్ గుర్తే ఉన్న చార్జ్ లోపలికి దూరితే దాన్ని హోమోచార్జ్ అంటారు; డైపోళ్లు, ఫిల్మ్‌లోపలే జరిగిన అయాన్లు ఇచ్చేది దానికి వ్యతిరేక గుర్తున్న హెటెరోచార్జ్. ఫిల్మ్‌కూ ఒక ఎలక్ట్రోడ్‌కూ మధ్య పలుచటి టెఫ్లాన్ పొర పెట్టి కొలిస్తే ఈ రెండింటి కరెంట్లు ఎదురెదురు దిశల్లో వస్తాయి. బ్లెండ్‌లో రెండూ ఉంటే గ్రాఫ్ మధ్యలో సున్నాను దాటి కిందికి దిగుతుంది.

హద్దు పీక్‌ను ఈ పరీక్షలు పూర్తిగా పట్టవు, ఎందుకంటే అది ఫీల్డ్‌కు డైపోల్‌లాగే నిక్కచ్చిగా స్పందించగలదు. దానికి పాళ్లు మార్చడమే దారి. రెండు శుద్ధ పాలిమర్లలోనూ లేకుండా మధ్య పాళ్లలోనే ఉండి, సెమ్‌లో చుక్కల పరిమాణం మారినప్పుడు తానూ మారే పీక్ హద్దుదే అవడానికి అవకాశాలు ఎక్కువ.

యాక్టివేషన్ ఎనర్జీకి (కదలిక మొదలవడానికి దాటాల్సిన శక్తి) చాలామంది ఇనీషియల్ రైజ్ పద్ధతి వాడతారు: పీక్ ఎత్తులో 10–15 శాతం దాకా ఉన్న తొలి భాగంలో కరెంట్ లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత తలకిందులుకు ఎదురుగా గీసి వాలు తీసుకోవడం. పీక్ ఒంటరిగా ఉంటే అది బాగా పనిచేస్తుంది. బ్లెండ్‌లో కింది పీక్ తోక పై పీక్ పాదం మీద పడి వాలును చదును చేస్తుంది. 0.2 ఎలక్ట్రాన్ వోల్టుల లాంటి అంకెలు చాలావరకు అలా పుట్టినవే. సరిచూసుకోవడానికి సులువైన లెక్క ఉంది. పీక్ 380 కెల్విన్ దగ్గర ఉండి, ఎనర్జీ 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే పీక్ దగ్గర రిలాక్సేషన్ టైమ్ (పోలరైజేషన్ సడలడానికి పట్టే కాలం) సుమారు 250 సెకన్లు, ముందు గుణకం (అడ్డంకే లేకపోతే ఆ కదలికకు పట్టే కాలం) 10⁻¹¹ సెకన్ల చుట్టుపక్కల వస్తుంది, నమ్మదగిన అంకె. అదే పీక్‌కు 0.2 పెడితే ముందు గుణకం దాదాపు 3 సెకన్లు అవుతుంది, ఏ అణు కదలికకూ అలాంటి విలువ ఉండదు. మొదటి పీక్ దాటేదాకా వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేస్తే కింది పీక్ తుడిచిపెట్టుకుపోయి పైదాని పాదం తేటపడుతుంది.

దానికంటే శ్రమ ఎక్కువైనా, విండో పోలింగ్ బ్లెండ్‌లకు మంచిది. ఒక ఉష్ణోగ్రత దగ్గర రెండు మూడు నిమిషాలు ఫీల్డ్ పెట్టి, 5 డిగ్రీలు కిందికి దించి అక్కడ రెండు మూడు నిమిషాలు షార్ట్ చేసి, ఆ తర్వాత గడ్డకట్టించాలి. ఆ ఐదు డిగ్రీల కిటికీలో కదిలినవే మిగులుతాయి, సన్నటి పీక్ వస్తుంది. కిటికీని 5 డిగ్రీల చొప్పున జరుపుతూ పోతే వెడల్పాటి పీక్ దేనిదేనితో తయారైందో విడివిడిగా తెలుస్తుంది. ఎనర్జీ ఒక్కసారిగా పైకి లేచే చోటు బ్లెండ్ టీజీ. డీఎస్‌సీలో మసకగా కనిపించే టీజీలు ఇక్కడ బాగా దొరుకుతాయి.

అధిక ఫీల్డ్‌లో పోలరైజేషన్–ఫీల్డ్ లూప్‌కు (ఫీల్డ్‌ను అటూ ఇటూ మారుస్తూ గీసే పోలరైజేషన్ గ్రాఫ్) వెళ్లేవారికి ఒక జాగ్రత్త. 30 మైక్రాన్ల మీద సెంటీమీటరుకు 1000 కిలోవోల్టులంటే 3 కిలోవోల్టులు, కాబట్టి ఫిల్మ్‌ను సిలికాన్ ఆయిల్‌లో ముంచి కొలవాలి. పీఎంఎంఏ పెరిగేకొద్దీ స్ఫటికాలు తగ్గి లూప్ సన్నబడాలి. బదులుగా అది అంచులు గుండ్రంగా, పొట్ట ఉబ్బి కనిపిస్తే లీకేజీ కరెంట్ పోలరైజేషన్‌గా లెక్కలోకి వచ్చేసింది. అదే ఫీల్డ్‌లో 1, 10, 100 హెర్ట్జ్‌ల దగ్గర మూడు లూప్‌లు తీయండి: ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పొట్ట పదో వంతు చొప్పున కరిగిపోతుంటే, మొదటి లూప్ నుంచి చదివిన రిమనెంట్ పోలరైజేషన్‌ను (ఫీల్డ్ సున్నా అయ్యాక మిగిలేదాన్ని) కొట్టేసి, ఫిల్మ్‌ను మళ్లీ వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టాల్సిందే.